సున్నం వైపు

మృగశిర కార్తె, మొదట్లో

ఈ రోజు నాకు చేతులు కడుక్కోవడం నేర్పారు.

పురుగుల ఇంట్లో అడుగు పెట్టాలంటే ముందు చేతులు, తర్వాత కాళ్లు, తర్వాత మళ్లీ చేతులు కడగాలి. తలకు నూనె రాసుకోకూడదు. వెల్లుల్లి తినకూడదు. తట్టల పని చూసే ఓబులక్క నన్ను వాకిట్లోనే నిలబెట్టి తల వాసన చూసింది, మెడ వాసన చూసింది, చివరికి నా పుస్తకాల సంచిని కూడా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమ్మే మాబున్నీ, నీకు ఏ వాసనా ల్యాదే! కూడు తింటాండావా, గాలి తింటాండావా?"

"నిన్న తిన్నానక్కా."

"ఇంగ ఈడ పురుగులు తిన్నాకే మనం తినేది. మనసులో పెట్టుకోవాకు. అవి తింటేనే మనకు కూడు."

ఆ మాట నిజం. మా ఊరి ఉప్పునీళ్లకు తట్టుకుని బతికే పంట సొర ఒక్కటే. కాయ కూరకు, గింజ నూనెకు, ఎండిన బుర్ర నీళ్లకు. సొరపువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. ఆలోపు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు ఎవరో ఒకరు చేర్చాలి. ఒకప్పుడు చేర్చేవాళ్లు చాలామంది ఉండేవారట. తేనెటీగ, తుమ్మెద, కందిరీగ. ఈ మాటల్ని నోట్లో వేసుకుని చప్పరించడమే కానీ వాటిలో ఒక్కదాన్నీ నేను చూడలేదు. మాకు మిగిలినవి సంజెచిలుకలు, పొద్దు వాలాక ఎగిరే సీతాకోకల్లాంటి పురుగులు. బూడిదరంగు రెక్కలు, ఒంటికన్నా పొడవైన నాలుక. అవి కూడా బయట ఎక్కడా లేవు. ఈ ఇంట్లోనే పుడతాయి.

ఇది డాక్టర్ వారిజ గారి ఇల్లని ఊళ్లో అంటారు. "ఇల్లు పురుగులది, నేను అద్దెకుంటున్నా" అంటారు మేడం. డెబ్బై దాటిన మనిషి. నిలబడితే ఆయాసం, కూర్చుంటే దగ్గు. నా చదువు ఇకమీదట ఆమె దగ్గరే. మొదటి పనిగా, రోజూ జరిగింది రాసి పెట్టమన్నారు.

"తెలుగులో రాయి. నేను బతుకంతా ఇంగ్లీషులో రాసినాను. నేనేం చేస్తానో ఓబులమ్మకు ఇప్పటికీ తెలీదు."

"తెలుసులేమ్మా," అంది ఓబులక్క తట్ట తుడుస్తూ. "పురుగుల తలకాయలు కోస్తావు."


మృగశిర, వేడిగాలి రోజు

తెల్లవారకముందే పురుగుల మేతకు గెనుసుగడ్డ తీగల ఆకు కోసుకొచ్చాం. ఎండ ఎక్కితే ఆకుతో పాటు మనిషీ వాడిపోతాడు.

ఇవాళ కొత్త మాటలు దొరికాయి. పూర్వం ఇక్కడ పట్టుపురుగులు పెంచేవారట. వాళ్లు పోయారు, తట్టలూ మాటలూ మిగిలాయి. పురుగు పెరిగి తోలు బిగుతైనప్పుడు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని జ్వరం అంటారు. పాత తోలు విడిచి బయటపడితే లేచింది అంటారు. నాలుగు జ్వరాలు లేచిన పురుగు మట్టిలోకి దిగి ప్యూపా అవుతుంది. మట్టిలోంచి రెక్కలతో వస్తుంది. మట్టిలోకి దిగడం, మట్టిలోంచి రావడం! ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూసుకున్నాను.

మేడం జీవితమంతా ఒక్క ప్రశ్న మీదే పని చేశారు. పురుగుగా ఉన్నప్పుడు నేర్చుకున్నది రెక్కలొచ్చాక గుర్తుంటుందా? మట్టిలో ఉన్న కాలంలో మెదడు నరాలు తమ కొమ్మల్ని తామే విడిచేసి మళ్లీ చిగురిస్తాయి. అన్నీ విడవవు. కొన్ని పాత కొమ్మలు అలాగే నిలుస్తాయి. ఏవి నిలుస్తాయో తెలుసుకోవడానికి ఆమె ఆవగింజలో సగం లేని మెదడును ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, రంగు పట్టించి, ఏళ్ల తరబడి మైక్రోస్కోపు కింద చూశారు. ఆ రోజుల్లో ఎవరికీ అది అవసరమైన చదువులా కనిపించలేదట. ఇప్పుడు ఊరు దాని మీదే బతుకుతోంది. ఇంట్లో తరాల తరబడి పుట్టి పుట్టి సంజెచిలుకలకు పువ్వంటే ఏమిటో తెలియకుండా పోయింది. అందుకని చివరి దశ పురుగులకు సొరపువ్వు అత్తరు చిలకరించిన ఆకు మేపుతాం. రెక్కలొచ్చాక అవి ఆ వాసన వెతుక్కుంటూ పందిళ్ల మీదికి పోతాయి.

తట్టల గది గోడ మీద నల్లరంగుతో ఒక వాక్యం ఉంది: "జ్వరంలో ఉన్న పురుగు ఏమీ నేర్చుకోదు." అది మేడం నా వయసులో కనిపెట్టిన మొదటి సంగతి. ఆమెకు పేరు తెచ్చింది అదే.

జ్వరంలో ఉన్న పురుగులకు తెగులు రాకుండా తట్ట నిండా సున్నం పొడి చల్లాలి. మధ్యాహ్నమంతా చల్లాను. వేళ్లు పగిలాయి. ఆ గదిలోని నిశ్శబ్దం గురించి "హృదయవిదారకమైన" అని ఒక మాట రాశాను. మేడం చూసి కొట్టేశారు.

"నీ హృదయం విదారణమైంది సరే. ఎన్ని లేచినాయి? ఎటు తిరిగినాయి? అది రాయి."


ఆరుద్ర కార్తె, విడుదల రోజు

ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలూ కురుస్తాయని అమ్మ అనేది. కురవలేదు.

సాయంత్రం పందిళ్ల మధ్య పెట్టెలు తెరిచాం. ఊళ్లో నడవగలిగిన వాళ్లంతా వచ్చారు. పోయినేటి నీళ్లరోగం తర్వాత ఊరంతా ఒకచోట చేరితే ఎంత తక్కువమందో కంటికి కనబడుతుంది. పువ్వులు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. సంజెచిలుకలు పొగలా లేచాయి. పందిళ్ల మీద ఒక చుట్టు తిరిగాయి.

తర్వాత అన్నీ పడమటికి తిరిగి వెళ్లిపోయాయి.

"యాడికి పోతాండాయి?" అన్నారు ఎవరో.

"నీళ్లు తాగి వస్తాయిలే," అన్నారు ఇంకెవరో. ఎవరూ నవ్వలేదు.

"గాలి ఎటు నుంచి?" అని మేడం నన్నడిగారు.

"పడమటి నుంచే మేడం."

వాసన గాలి మీద వస్తుందని, అవి గాలికి ఎదురెక్కి పోతాయని నాకు తెలుసు. పడమట ఏ వాసన ఉందో మాత్రం తెలియలేదు.


ఆరుద్ర, చివర

పిందెలు పసుపు తిరిగి రాలిపోయాయి. పందిళ్ల కింద నడిస్తే కాలికి మెత్తగా తగులుతున్నాయి.

పొద్దున ఓబులక్క మొగుడి సమాధి చూసుకోవడానికి పడమటి దిన్నెకు వెళ్లి, రొప్పుతూ తిరిగొచ్చింది. మేడంనూ నన్నూ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

నీళ్లరోగంతో పోయినవాళ్లందరినీ ఆ దిన్నె మీదే పూడ్చారు. శవం మీద సున్నం, మట్టి మీద సున్నం. ఊరి కమిటీ నెలకోసారి మళ్లీ కొత్త సున్నం పోయిస్తుంది. గోడలకు సున్నం కొట్టుకోవడం ఊళ్లో మానేశారు. ఉన్నదంతా దిన్నెకే పోతుంది. ఆ తెల్లటి సమాధుల మీద సంజెచిలుకలు పరుచుకుని ఉన్నాయి. నాలుకలు చాచి, చాచిన నాలుకలు సున్నానికి కాలి, రెక్కలు విప్పుకునే చచ్చిపోయి ఉన్నాయి.

"పిలుచుకుంటాండారమ్మా," అంది ఓబులక్క. "పోయినోళ్లు. కడుపు మాడి పోయినారు గదా."

మేడం వంగి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు లేవలేకపోయారు. నేను పట్టుకుని లేపాను.

సాయంత్రం కమిటీ పెద్ద ఈరన్న వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"మేడం, ఊళ్లో ఏమనుకుంటాండారో సెప్పాల్నా?"

"చెప్పు ఈరన్నా."

"పురుగుల ఇల్లు సచ్చినోళ్లకు పని సేస్తాందంట. నేను నమ్మను. కానీ రాలిన పిందెలు నేనూ సూసినా. ఇంగో విడత మట్టిలో ఉందంటిరి. అది కాయిస్తే సరి. అది గూడా దిన్నెకే పోతే తాళం ఏస్తాం. గెనుసు మడి మనుసులకు ఇడుస్తాం. ఆకన్నా ఉడకేసుకుంటారు."

"తాళం వేస్తే ఈ జాతి అంతటితో సరి. మళ్లీ పుట్టదు."

"తెలుసు మేడం. కాయ ల్యాకపోతే మా జాతీ అంతే గదా."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.


పునర్వసు కార్తె

పెట్టె అడుగున ఆలస్యంగా రెక్కలొచ్చినవి కొన్ని మిగిలాయి. రెండు కొమ్ముల గాజు గొట్టంలో వాటిని ఒక్కొక్కటే వదిలాను. ఒక కొమ్ము చివర సొరపువ్వు. రెండో కొమ్ము చివర దిన్నె మీది నుంచి తెచ్చినవి, ఒక్కోసారి ఒక్కోటి. మట్టి పెట్టాను, పువ్వు వైపు వచ్చాయి. ఎండుగడ్డి పెట్టాను, పువ్వు వైపే. తడిపిన సున్నం పెట్టాను.

సున్నం వైపు పోయాయి. పువ్వు వైపు తల కూడా తిప్పలేదు.

పరుగెత్తి మేడంకు చెప్పాను.

"సున్నం వాటికి ఎప్పుడు తెలిసింది?" అన్నారు.

"జ్వరంలో మేడం. మనమే చల్లుతాం."

"జ్వరంలో ఉన్న పురుగు నేర్చుకోదు."

"గోడ మీద చదివాను మేడం. కానీ..."

"నువ్వు గోడ మీద చదివినావు. నేను కళ్లతో చూసినాను. ఒకసారి కాదు, మూడేళ్లు చూసినాను. పో, తట్టలు కడుగు."

కడిగాను. కళ్లనీళ్లు తట్టలో పడకుండా జాగ్రత్తపడ్డాను, ఉప్పు వాసన అంటుతుందేమోనని.

"ముసలామెతో పెట్టుకుంటివా?" అంది ఓబులక్క. "ఆమె పురుగు మాటన్నా ఇంటాది గానీ మనిసి మాట ఇనదు."

"ఇది పురుగు చెప్పిన మాటే అక్కా."

"అట్లయితే నువ్వేల పోతివి? పురుగునే పంపాల్సింది."


పునర్వసు, మర్నాడు

పురుగే చెప్పింది. నేను వెళ్లేసరికి మేడం గొట్టం ముందు కూర్చుని ఉన్నారు. మిగిలినవన్నింటినీ తన చేత్తో వదిలి చూశారు. కొమ్ములు కుడిఎడమలు మార్చి చూశారు. గొట్టం కడిగించి మళ్లీ చూశారు. తర్వాత ఓబులక్కను పిలిచారు.

"పురుగులు లేచినాక పడక మారుస్తున్నారా? సున్నం తట్ట తీసేసి కొత్త తట్టలోకి?"

ఓబులక్క నా వైపు చూసి, నేల వైపు చూసింది.

"ల్యాదమ్మా. పదిమందిమి ఉన్నప్పుడు మారుస్తా ఉంటిమి. వాళ్లంతా దిన్నెకు పోయినాక నేనొక్కదాన్ని మిగిలితి. అప్పుడు నువ్వే అంటివి గదా... జ్వరంలో ఏమీ నేర్చుకోవులే ఓబులమ్మా, ఆ సున్నం మీదనే ఆకెయ్యి, అని."

మేడం తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పారు. తన చిన్నప్పటి ప్రయోగంలో జ్వరంలో ఉన్న పురుగులకు రకరకాల వాసనలు చూపించారట. లేవగానే వాటిని శుభ్రమైన తట్టలోకి మార్చి, తర్వాతే మొదటి ఆకు పెట్టారట. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు. శుభ్రం కదా. ఆ వాసన ఒక్కదానికీ గుర్తులేదు. నేర్చుకోలేదని రాసేశారు.

"సగమే చూసినాను మాబున్నీ. జ్వరం నుంచి లేచిన పురుగుకు ఉండే ఆకలి మళ్లీ ఎప్పుడూ ఉండదు. ఆ మొదటి మేత వేళకు కూడా అదే వాసన చుట్టూ ఉంటే, ఇంక దాన్ని మరిచిపోదు. మన అత్తరు ఏం పని చేస్తుంది? శుభ్రమైన తట్ట పెట్టి నేనే ఆ సంగతి తుడిచేసుకున్నాను."

"ఇప్పుడు మానేద్దాం మేడం. పడక మారుద్దాం."

"ఈ రెండో విడత మట్టిలోకి దిగిపోయింది. దానికి ఇంక నేర్పలేం."


పుష్యమి కార్తె

మేడం మంచం మీది నుంచే పని చేస్తున్నారు. నేను మట్టిలోంచి ఒక ప్యూపాను తీసి, ఆమె చెప్పినట్టు మెదడును కోశాను. మొదటి పొరలు చెడగొట్టాను. తిట్టలేదు. తిడితే బాగుండేదని మళ్లీ అనిపించింది. చివరికి ఒక పొర కుదిరింది. మైక్రోస్కోపులో చూస్తే విడిచేసిన నరాల మధ్య ఒక పాత కొమ్మ అలాగే నిలిచి ఉంది. ఎండాకాలపు అడవిలో ఆకు రాల్చని ఒకే ఒక చెట్టులాగా, అని రాద్దామనుకున్నాను. నేను అడవిని చూడలేదు. కొమ్మ ఉంది. అంతే.

"గోడ మీద ఆ వాక్యం చెరిపేయనా మేడం?"

"చెరపొద్దు. దాని కింద ఇంకోటి రాయి: లేచాక మొదటి మేత ఏ వాసనలో తింటే ఆ వాసన నిలుస్తుంది. రెండూ కనబడాల. పైది కనబడకపోతే నీ తర్వాత వచ్చే పిల్ల మళ్లీ ఆడికే వచ్చి పడుతుంది."

నల్లరంగు లేదు. దీపం మసితో రాశాను.

రాసి దిగేసరికి ఆమె కళ్లు మూసుకుని నవ్వుతున్నారు. ఇక్కడికి వచ్చాక ఆ నవ్వు చూడడం ఇదే మొదటిసారి.

"వాటికి పువ్వు నేర్పలేం. సున్నం వచ్చు. అయితే పువ్వుకే సున్నం పెడితే?"


ఆశ్లేష కార్తె

ఆమె ఆలోచన ఇది. సున్నపు తేట తీసి, నాలుక కాలనంత పల్చగా, ప్రతి సొరపువ్వు తొడిమ కింద ఒక బొట్టు పెట్టాలి. దిన్నె మీది సున్నాన్ని మట్టితో కప్పెయ్యాలి. ఊళ్లో వేరే ఎక్కడా సున్నం వాసన ఉండకూడదు.

బొట్టు పెట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. దిన్నె దగ్గర ఒప్పుకోలేదు.

"నా కొడుకు ఆడనే ఉండాడు మేడం," అన్నాడు ఈరన్న మంచం పక్కన నిలబడి. "సున్నం తీస్తే రోగం లేచి వస్తాదని జనం బయం. నాకూ బయమే."

"తియ్యొద్దు. దాని మీద మట్టి వెయ్యండి. రోగం కిందనే ఉంటుంది, వాసన కూడా కిందనే ఉంటుంది."

ఆయన గడప దాకా పోయి ఆగాడు. "ముందు ఎవరేస్తారు మట్టి?"

మర్నాడు పొద్దున ఓబులక్క గంప నెత్తిన పెట్టుకుని దిన్నె ఎక్కింది. మొగుడి సమాధి మీద మట్టి పోసి, చేత్తో చదును చేసింది.

"బతికినన్నాళ్లూ నాకు అడ్డమే పడితివి," అంది సమాధితో. "ఇప్పుడన్నా సొరకాయకు అడ్డం పడవాకు."

తర్వాత ఈరన్న గంప అందుకున్నాడు. ఆయన వెనక ఊరు.

మంచం దగ్గరికి వచ్చి ఇదంతా మేడంకు చెప్పాను. విన్నారు. తర్వాత అన్నారు, "నేను పోతే నా మీద సున్నం పోస్తారు. ఇప్పుడు అందరికీ పోస్తున్నారు గదా. పోయనీకు మాబున్నీ. ఒక్క సమాధి తెల్లగా ఉన్నా చాలు, అన్నీ ఆడికే వస్తాయి."

"అలా మాట్లాడకండి మేడం."

"ఎట్లా మాట్లాడాల? పెట్టెలు తెరిచే రోజు దగ్గరికొచ్చింది. నా దగ్గూ దగ్గరికొచ్చింది. ఏది ముందో నాకు తెలీదు. తెలిసింది చెప్పినాను."


ఆశ్లేష, చివర

దగ్గు ముందొచ్చింది.

ఈ రోజు రాయడానికి నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. ఆమె ఉంటే అన్నీ కొట్టేసేవారు. కాబట్టి రాయను.

దిన్నె మీద గొయ్యి దగ్గర కమిటీ మనుషులు సున్నం బస్తా దించారు. నేను వెళ్లి దాని మీద కూర్చున్నాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

"లే పాపా," అన్నాడు ఈరన్న. "కట్టుబాటు. నా కొడుక్కు పోసినా."

"మేడం నీళ్లరోగంతో పోలేదు పెద్దయ్యా."

"జనం అడుగుతారు."

"రేపో ఎల్లుండో పెట్టెలు తెరుస్తాం. ఈ బస్తా విప్పితే అవి పందిళ్ల మీదికి పోవు, ఆమె మీదికి వస్తాయి. ఆమె అడిగింది ఇదొక్కటే."

ఆయన గొయ్యిలోకి చూశాడు, పందిళ్ల వైపు చూశాడు. చివరికి మనుషులతో, "నిలువు లోతు తవ్వండి. ఇంగా లోతు," అన్నాడు. బస్తాను తనే భుజాన వేసుకుని దిన్నె దిగిపోయాడు.

ఆమెను ఉత్త మట్టిలోనే పెట్టాం.


మఖ కార్తె

మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు అంటారు, నాలుగు రోజుల బతుకుల గురించి. మా రెండో విడత మఖలో పుట్టింది.

పొద్దుటి నుంచీ ఊరంతా మొగ్గల తొడిమలకు సున్నపు బొట్లు పెట్టింది. పెట్టెలు తెరిచే పని ఓబులక్క తీసుకుంది. గాలి మళ్లీ పడమటి నుంచే వీస్తోంది. అందుకని ఎవరో ఒకరు దిన్నె మీద ఉండి చూడాలి. నేను ఉంటానన్నాను.

మేడం సమాధి పక్కన కూర్చున్నాను. ఎర్రమట్టి, ఇంకా తడిగా ఉంది. మిగతా సమాధులూ ఇప్పుడు అదే రంగు. ఎవరిది ఎవరిదో తెలియడం లేదు. పొద్దు వాలింది. దూరంగా పందిళ్ల మీద తెల్లని చుక్కలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తర్వాత వాటి మీదికి బూడిదరంగు పొగ ఒకటి లేచింది.

ఒక్కటైనా రావాలని నాకు అనిపించింది. ఇది తప్పు కోరిక అని తెలుసు. అయినా ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కనుక రాస్తున్నాను. ఆమె వాటి కోసం అంత పని చేశారు. ఒక్కటి వచ్చి, ఈ మట్టి మీద కాసేపు వాలి పోతే ఏం పోయింది?

కన్ను మూయకుండా చూశాను. పందిళ్ల వైపు నుంచి ఓబులక్క కేక వినిపించింది. మాటలు అందలేదు. తర్వాత పిల్లల కేకలు, తర్వాత ఊరంతా. చీకటి పడి నా చెయ్యి నాకే కనబడకుండా పోయేంత వరకు అక్కడే ఉన్నాను.

ఎటు పోయాయి: పందిళ్ల వైపు.

ఇక్కడికి ఎన్ని వచ్చాయి: ఒక్కటీ రాలేదు.